తూటాకు దారి చెప్పిన లెక్కల మాస్టారు బెంజమిన్ రాబిన్స్

1751 జూలై 29న కడలూరు పక్కనే, సముద్రం ఒడ్డున ఉన్న సెయింట్ డేవిడ్ కోటలో ఒక ఇంగ్లీషు ఇంజినీరు చనిపోయారు. వయసు 44 ఏళ్లు. ఇండియాకు వచ్చి ఏడాది దాటిందంతే. ఈస్టిండియా కంపెనీకి పంపాల్సిన రిపోర్టు రాస్తూ, కలం చేతిలో ఉండగానే ప్రాణం పోయిందని చెబుతారు. ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్.

మన ఇళ్లల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. కానీ తుపాకీ శాస్త్రం చదివే ఏ దేశంలోనైనా మొదటి పాఠాల్లోనే ఈయన పేరు వస్తుంది. తుపాకీ ఎలా కాల్చాలో ఆయన నేర్పలేదు. ఆయన పట్టుకున్న ప్రశ్న వేరు. తుపాకీ కదలలేదు, గురి తప్పలేదు, మందు సరిగ్గానే పోశారు, అయినా గుండు పక్కకు ఎందుకు పోతుంది? ఈ ఒక్క ప్రశ్నకు ఆయన వెతికిన జవాబు, ఆయన పోయిన వందేళ్లకు, ఇదే హిందుస్తాన్ గడ్డ మీద వేల మంది తలరాతను మార్చింది.

బాత్ నుంచి లండన్‌కు

రాబిన్స్ 1707లో ఇంగ్లాండులోని బాత్ పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు క్వేకర్లు. క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఒక చిన్న జమాతు. సాదా బట్టలు, సాదా బతుకు, యుద్ధాలకు దూరం. ఇంట్లో డబ్బు పెద్దగా లేదు. చదువు చెప్పించే స్తోమత కూడా అంతంతే. అయినా పిల్లాడికి లెక్కలంటే ప్రాణం.

అతని తెలివి గమనించినవాళ్లు లండన్‌లో ఉన్న డాక్టర్ హెన్రీ పెంబర్టన్ దృష్టికి తీసుకెళ్లారు. పెంబర్టన్ అంటే న్యూటన్ పుస్తకం మూడో ముద్రణను దగ్గరుండి సరిచూసిన మనిషి. ఆయన చేయూతతో రాబిన్స్ లండన్ చేరి పాత గ్రీకు లెక్కలు, కొత్త న్యూటన్ లెక్కలు రెండూ చదివారు. 1727లో, అంటే 20 ఏళ్లకే, రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. ఏ యూనివర్సిటీ డిగ్రీ లేని కుర్రాడికి ఇది చిన్న సంగతి కాదు.

పొట్టకూటికి లెక్కలు ట్యూషన్ చెప్పేవారు. ఆ పని ఒక్కదానితో ఆయన మనసు నిండలేదు. వంతెనలు, ఓడరేవులు, మిల్లులు, కోటలు ఎలా కడతారో చూడాలని బయల్దేరారు. ఫ్లాండర్స్ వెళ్లి అక్కడి కోటల్ని పరిశీలించారు. క్వేకర్ల అలవాట్లు మెల్లగా దూరమయ్యాయి. యుద్ధం వద్దనే ఇంట్లో పుట్టిన మనిషి యుద్ధ పనిముట్ల లెక్కల్లో మునిగిపోయారు.

1741లో వూలిచ్‌లో ఫిరంగి దళం కోసం మిలిటరీ అకాడమీ పెట్టారు. అక్కడ కోటల శాస్త్రం చెప్పే ఉద్యోగం మీద రాబిన్స్ ఆశ పెట్టుకున్నారు. ఆ ఉద్యోగం వేరే ఆయనకు పోయింది. రాబిన్స్ ఊరుకోలేదు. తాను చెప్పాలనుకున్న పాఠాలన్నీ ఒక పుస్తకంగా రాశారు. 1742లో వచ్చిన ఆ చిన్న పుస్తకం పేరు న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ. ఉద్యోగం దక్కి ఉంటే ఆ పుస్తకం అంత తొందరగా వచ్చేదో కాదో.

గుండు వేగాన్ని తూకం వేశారు

అప్పటికి తుపాకీ గుండు ఎంత వేగంతో పోతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంటికి కనపడదు, సెకన్లు కొలిచే మంచి గడియారాలు లేవు. రాబిన్స్ ఒక ఉపాయం పట్టారు. బరువైన చెక్క దిమ్మెను ఊయల లాగా వేలాడదీశారు. దాని మీదికి తుపాకీ పేల్చారు. గుండు చెక్కలో దిగి ఆగిపోతుంది, చెక్క వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో కింద కట్టిన రిబ్బను లాగిన పొడవును బట్టి తెలుస్తుంది.

మిగతాది దుకాణంలో కాటా లెక్క లాంటిదే. చిన్న గుండు దగ్గరున్న ఊపు మొత్తం పెద్ద దిమ్మెకు జమ అయింది. దిమ్మె గుండుకు 600 రెట్లు బరువుందనుకుంటే, గుండు వేగం దిమ్మె వేగానికి దాదాపు 600 రెట్లు. దిమ్మె మెల్లగా ఊగుతుంది కాబట్టి దాన్ని కొలవడం తేలిక. ఈ పద్ధతితో మస్కెట్ గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 1700 అడుగుల వేగంతో పోతుందని తేల్చారు.

దీంతో ఇంకో నిజం బయటపడింది. ఆ వేగంతో, గాలే లేని చోట, 45 డిగ్రీల వాలున కాలిస్తే గుండు 17 మైళ్ల దాకా పోవాలి. కానీ నిజంగా పోయేది అర మైలు కూడా కాదు. మిగతా పదహారున్నర మైళ్లు ఎవరు తిన్నారు? గాలి. అంతకు ముందు దాకా పెద్ద పెద్ద పండితులు కూడా గుండు మీద గాలి ప్రభావం లెక్కలోకి తీసుకోనవసరం లేనంత తక్కువ అనుకునేవారు. రాబిన్స్ ఆ మాటను పటాపంచలు చేశారు.

అంతే కాదు. గుండు వేగం శబ్దం వేగానికి, అంటే సెకనుకు సుమారు 1100 అడుగులకు దగ్గరైన చోట గాలి అడ్డు ఒక్కసారిగా పెరిగిపోతుందని కూడా ఆయన గమనించారు. విమానాలు శబ్దం వేగాన్ని దాటడానికి రెండు వందల ఏళ్ల ముందు, ఒక ట్యూషన్ మాస్టారు ఒక చెక్క దిమ్మెతో ఈ సంగతి పట్టుకున్నారు. ఈ కృషికి 1746లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

60 గజాల దగ్గర ఒకటి, 760 గజాల దగ్గర ఇంకొకటి

ఇక అసలు ప్రశ్న. అప్పటి సైన్యాల తుపాకులన్నీ నున్న గొట్టం తుపాకులు. లోపల గుండ్రటి సీసపు గుండు వదులుగా ఉంటుంది. రాబిన్స్ అలాంటి గొట్టం ఒకదాన్ని బరువైన బండి మీద కదలకుండా బిగించారు. 60 గజాల దూరంలో అడుగు చదరం పలక పెట్టి 16 సార్లు కాల్చారు. ఒక్కటే తప్పింది. నిషానా భేష్ అనుకోవాల్సిందే.

అదే గొట్టాన్ని, బండికి కుదుపు ఇంకా తగ్గేలా మందు తగ్గించి, 760 గజాల దూరానికి కాల్చారు. కొన్ని గుండ్లు 100 గజాలు కుడికి పోయాయి. కొన్ని అంతే దూరం ఎడమకు పోయాయి.

ఇక్కడే రాబిన్స్ బుర్ర పనిచేసింది. 60 గజాల దగ్గర తేడా అర అడుగు అనుకుందాం. గుండు తిన్నగా పోతే దూరం దాదాపు 13 రెట్లు పెరిగినప్పుడు తేడా కూడా 13 రెట్లే పెరగాలి. అంటే ఆరేడు అడుగులు. కానీ వచ్చింది 300 అడుగులు. కాబట్టి తప్పు గొట్టంలో లేదు, కాల్చిన చేతిలో లేదు. గుండు బయల్దేరాక దారిలో ఏదో దాన్ని పక్కకు నెడుతూ ఉంది, ఒకసారి కాదు, దారి పొడుగునా. అలా ఆపకుండా నెట్టే బలం ఉంటే దూరం రెట్టింపైనప్పుడు తేడా నాలుగింతలు దాటుతుంది. అందుకే దగ్గర్లో కనపడని లోపం దూరంలో కొండంత అవుతుంది.

ఆ నెట్టేది ఏంటి? ఆయన జవాబు: గుండు తిరుగుడు. వదులుగా ఉన్న గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ, చివర ఏదో ఒక పక్కను రాసుకుంటూ బయటికి వస్తుంది. రాసుకున్న పక్కను బట్టి తిరగడం మొదలవుతుంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఒకసారి కిందికి. తిరిగే గుండుకు రెండు పక్కలా గాలి ఒకేలా తగలదు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు గుండు జరిగిపోతుంది. క్రికెట్లో స్పిన్నర్ వేసిన బంతి గాలిలోనే పక్కకు తేలడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

దీన్ని నమ్మించడానికి ఆయన చేసిన ప్రయోగం చాలా సులువు. ఒక తుపాకీ గొట్టం చివర కొద్ది అంగుళాలు ఎడమకు వంచారు. దారిలో పలచటి కాగితపు తెరలు కట్టారు. వంచిన గొట్టం నుంచి వచ్చిన గుండు ఎడమకే పోవాలని ఎవరైనా అంటారు. మొదటి తెరల దగ్గర అది ఎడమకే పోయింది. కానీ ఆ తర్వాత దారి మార్చుకుని కుడికి వంగింది. ఎందుకంటే ఎడమకు వంగిన గొట్టంలో గుండు కుడి గోడను రాసుకుంటూ పోతుంది, అందువల్ల కుడికి తిరుగుతూ బయటికి వస్తుంది. తిరుగుడు ఎటు ఉంటే దారి అటే వంగుతుందని కాగితాల మీద చిల్లులే సాక్ష్యం చెప్పాయి.

అయినా అందరూ ఒప్పుకోలేదు. ఆ కాలంలో లెక్కల్లో మించినవాడు లేడనిపించుకున్న ఆయిలర్ 1745లో రాబిన్స్ పుస్తకాన్ని జర్మన్‌లోకి మార్చి, అసలు పుస్తకానికి ఎన్నో రెట్లు వివరణలు చేర్చారు. పుస్తకాన్ని యూరపంతా తిప్పింది ఆయనే. కానీ తిరుగుడు సంగతి మాత్రం ఆయనకు ఎక్కలేదు. గుండ్లు సరిగ్గా గుండ్రంగా లేకపోవడమే కారణం అన్నారు. పెద్ద మనిషి మాట కదా, వంద ఏళ్లు నిలబడింది. 1852లో మాగ్నస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మళ్లీ ప్రయోగాలు చేశాక రాబిన్స్ మాటే నిజమని తేలింది. కానీ పేరు మాత్రం మాగ్నస్‌కు పోయింది. ఇవాళ్టికీ దాన్ని మాగ్నస్ ఎఫెక్ట్ అనే పిలుస్తున్నారు.

బొంగరం చెప్పే పాఠం

రైఫిల్ రాబిన్స్ కనిపెట్టింది కాదు. గొట్టం లోపల మెలి తిరుగుతూ పోయే సన్నటి గాడులు చెక్కడం జర్మనీ వైపు కొన్ని తరాలుగా ఉంది. వేటగాళ్లు వాడేవారు. గురి బాగుంటుందని అందరికీ తెలుసు. ఎందుకు బాగుంటుందో ఎవరికీ తెలియదు. గుండు మరమేకులా గాలిని తొలుచుకుంటూ పోతుందని కొందరు, బిగుతుగా ఉండడం వల్ల ఎక్కువ బలంతో పోతుందని కొందరు చెప్పేవారు.

1747 జూలైలో రాయల్ సొసైటీ ముందు చదివిన వ్యాసంలో రాబిన్స్ ఈ కట్టుకథలు పక్కన పెట్టారు. రైఫిల్ గుండుకు అదనపు బలం ఏమీ రాదు. తిరగడం ఆపలేం కాబట్టి, ఆ తిరుగుడును మనకు కావలసిన దిక్కుకు కట్టేయడమే గాడుల పని. గుండు తాను పోయే దారినే ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది. అప్పుడు ఒక పక్క గాలి ఎక్కువ తగిలినా, మరుక్షణం ఆ పక్క ఇంకో వైపుకు తిరిగిపోతుంది. కుడి ఎడమల బాకీలు ప్రతి చుట్టుకూ చెల్లిపోతాయి. గుండు తిన్నగా పోతుంది.

బొంగరం కథ ఇదే. ఆగి ఉన్న బొంగరాన్ని మేకు మీద నిలబెట్టడం ఎవరి తరం కాదు. తిప్పి వదిలితే అదే నిలబడుతుంది. బాణానికి వెనక ఈకలుంటాయి. హైదర్ అలీ, టిపూ సుల్తాన్ ఫౌజుల రాకెట్లకు వెనక పొడుగాటి వెదురు బొంగు ఉండేది. అవి తోకతో కుదురుగా పోతాయి. తూటాకు తోక లేదు. దాని కుదురంతా తిరుగుడులోనే ఉంది.

అదే వ్యాసంలో రాబిన్స్ ఇంకో అడుగు ముందుకేశారు. గుండ్రటి గుండుకు బదులు కోడిగుడ్డు ఆకారంలో, బరువు ముందుకు ఉండేలా చేస్తే ఇంకా మేలని సూచించారు. ఇవాళ్టి కోసుగా పొడుగ్గా ఉండే తూటాకు అది తొలి మెట్టు. చివర ఒక హెచ్చరిక కూడా చేశారు. రైఫిల్ గొట్టం గుట్టును బాగా అర్థం చేసుకుని, దాన్ని తేలిగ్గా తయారు చేసే దారి కనిపెట్టి, తన సైన్యానికి ఏ రాజ్యం మొదట అందిస్తుందో ఆ రాజ్యం మిగతావాళ్ల మీద పైచేయి సాధిస్తుందని దాని సారాంశం. ఇంగ్లాండు ప్రభుత్వం ఆ మాట విన్నట్టే విని పక్కన పెట్టింది. అప్పటి రైఫిల్‌లో గుండును సుత్తితో కొట్టి దింపాల్సి వచ్చేది, దానికి టైము పట్టేది. వరుసగా నిలబడి దగ్గర నుంచి ఒక్కసారే పేల్చే యుద్ధాల్లో నిషానా కంటే తొందరే ముఖ్యం అనుకున్నారు.

దూరం మారితే లెక్క మారుతుంది

రాబిన్స్ వేసిన పునాది మీద తర్వాతివాళ్లు చాలా కట్టారు. పొడుగు తూటాకు ఒక చిక్కుంది. గాలి దాని ముక్కు దగ్గర గట్టిగా నెడుతుంది, బరువు కేంద్రం వెనక ఉంటుంది. వదిలేస్తే తలకిందులవుతుంది. అందుకే పొడుగు పెరిగే కొద్దీ ఇంకా జోరుగా తిప్పాలి. 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు లెక్కల ప్రొఫెసర్ దీనికి సులువైన సూత్రం ఇచ్చారు. తూటా వ్యాసాన్ని వర్గం చేసి 150తో హెచ్చవేసి, తూటా పొడుగుతో భాగిస్తే, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. 0.3 అంగుళం వ్యాసం, 1.2 అంగుళాల పొడుగు ఉన్న తూటాకు అది సుమారు 11 అంగుళాలు. పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టంలోంచి సెకనుకు 2800 అడుగుల వేగంతో వచ్చే తూటా నిమిషానికి 2 లక్షల చుట్లు తిరుగుతున్నట్టు లెక్క.

తిరుగుడు చాలకపోతే తూటా గాలిలోనే పల్టీలు కొడుతుంది. కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు తూటా అడ్డంగా దూరిన చిల్లు పడుతుంది. దగ్గర్లో అయితే అలాంటిది కూడా నిషానాకు తగలొచ్చు, దూరంలో ఆశ వదులుకోవాల్సిందే. మరీ ఎక్కువ తిప్పినా చిక్కే. తూటాలో బరువు ఏమాత్రం ఒక పక్కకు ఉన్నా ఆ లోపం పెద్దదవుతుంది. దూరం మరీ ఎక్కువైతే తూటా దారి కిందికి వంగుతున్నా ముక్కు మాత్రం పైకే చూస్తూ ఉండిపోతుంది.

కుదురుగా తిరిగే తూటా కూడా గొట్టం దాటగానే కాసేపు తడబడుతుంది, తర్వాత కుదుటపడుతుంది. కుడికి తిరిగే తూటా చాలా దూరంలో కుడి పక్కకు కొద్దిగా జరుగుతుంది. దగ్గర్లో అది లెక్కలోకి రాదు, వెయ్యి గజాల దగ్గర మాత్రం రాసుకోవాల్సిందే. దారిలో ముందుకు పోయే వేగం తగ్గినంత తొందరగా తిరుగుడు తగ్గదు. కాబట్టి దూరం పోయే కొద్దీ కుదురు పెరగాలి. కానీ వేగం పడిపోయి శబ్దం వేగానికి దగ్గరైన చోట గాలి ఒత్తిడి స్థానం మారి, అప్పటిదాకా బుద్ధిగా పోయిన తూటా మళ్లీ ఊగుతుంది. రాబిన్స్ చెక్క దిమ్మెతో పట్టుకున్న ఆ హద్దే ఇది. 50 మీటర్ల పోటీల్లో వాడే చిన్న రైఫిల్ తూటాలను చాలా వరకు శబ్దం వేగం కంటే కాస్త తక్కువ వేగానికే తయారు చేయడం వెనక కారణం ఇదే. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఎయిర్ రైఫిల్ పోటీలో దూరం 10 మీటర్లే. అంత దగ్గర్లో కూడా గొట్టంలో గాడులు ఉండాల్సిందే, ఎందుకంటే అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే.

కోరమండల్ తీరంలో చివరి ఏడాది

1747లో డచ్చివాళ్ల బెర్గెన్ ఆప్ జూమ్ కోటను ఫ్రెంచివాళ్ల నుంచి కాపాడే పనికి రాబిన్స్‌ను పిలిచారు. ఆయన చేరేసరికే కోట పోయే దశలో ఉంది, పోయింది కూడా. 1749లో లండన్‌లో శాంతి ఒప్పందం సంబరాలకు కాల్చిన బాణసంచా రాకెట్లు ఎంత ఎత్తుకు పోతున్నాయో కొలిచారు. చేతికి ఏది దొరికినా కొలవడం ఆయన అలవాటు.

అదే ఏడు ఈస్టిండియా కంపెనీ ఆయన్ను ఇంజినీర్ జనరల్‌గా తీసుకుంది. కంపెనీకి అప్పుడు ఆ అవసరం గట్టిగా ఉంది. 1746లో మద్రాసు ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. అదే ఏడు అడయార్ నది దగ్గర ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ పంపిన పెద్ద ఫౌజును, ఫ్రెంచివాళ్లు కొద్ది వందల మందితో చెదరగొట్టారు. అక్కడ గెలిచింది రైఫిళ్లు కాదు. నున్న గొట్టం తుపాకులే, కానీ దగ్గర నుంచి, వరుస తప్పకుండా, ఆగకుండా పేల్చే కవాతు. 1749లో మద్రాసు తిరిగి కంపెనీకి వచ్చింది. కోటలు బాగు చేయాలి. అందుకు రాబిన్స్ ఆ ఏడాది చివర్లో ఓడ ఎక్కి 1750 జూలైలో ఇక్కడ దిగారు.

ఆయన దిగేనాటికి దక్కన్ అట్టుడుకుతోంది. నిజాముల్ ముల్క్ 1748లో పోయాక కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ గద్దె కోసం తలపడుతున్నారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసిర్ జంగ్ తన వెంట ఉన్న పఠాన్ నవాబుల కుట్రలో తుపాకీ గుండుకు బలయ్యారు. రెండు నెలలకే, 1751 ఫిబ్రవరిలో, ఫ్రెంచివాళ్లను వెంటబెట్టుకుని హైదరాబాద్ బయల్దేరిన ముజఫర్ జంగ్ మన రాయచోటి వైపు జరిగిన కొట్లాటలో చనిపోయారు. ఒక పక్క ఇంగ్లీషువాళ్లు, ఒక పక్క ఫ్రెంచివాళ్లు నవాబుల పంచాయితీల్లో దూరి తమ జాగా చేసుకుంటున్న రోజులవి.

ఈ గోలలో రాబిన్స్ కోట గోడల కొలతలు తీసుకుంటూ కూర్చున్నారు. సెయింట్ డేవిడ్ కోటకు, మద్రాసుకు ప్లాన్లు గీశారు. వచ్చిన రెండు నెలలకే జ్వరం పట్టుకుంది. కోలుకున్నారు కానీ ఒళ్లు మళ్లీ మునుపటిలా కాలేదు. ప్లాన్లు గోడలుగా లేవకముందే ఆయన పోయారు. ఆయన కాగితాలన్నీ పోగు చేసి మిత్రుడు జేమ్స్ విల్సన్ 1761లో రెండు సంపుటాలు వేశారు.

వందేళ్ల తర్వాత వచ్చిన తీర్పు

రాబిన్స్ హెచ్చరిక నిజం కావడానికి వందేళ్లు పట్టింది. 1849లో మినియే అనే ఫ్రెంచి అధికారి వెనక భాగం బోలుగా ఉన్న కోసు తూటా తెచ్చారు. గొట్టంలోకి వదులుగా జారుతుంది, పేలగానే విచ్చుకుని గాడుల్లో బిగుస్తుంది. సుత్తితో పనిలేదు, టైము కలిసొచ్చింది. అదే పద్ధతిలో ఇంగ్లాండు 1853లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చేసింది.

గాడుల్లో బిగిసే తూటా మసి పట్టిన గొట్టంలోకి తేలిగ్గా దిగాలంటే చుట్టూ జిడ్డు ఉండాలి. ఆ జిడ్డు పూసిన కాగితపు పొట్లాన్ని సిపాయి పళ్లతో చించాలి. ఆ జిడ్డు ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట కంటోన్మెంట్లలో పాకింది. హిందూ సిపాయికి, ముస్లిం సిపాయికి ఒకేసారి దీన్ ధర్మం మీద చెయ్యి పడినట్టయింది. కడుపులో ఎన్నో ఏళ్లుగా ఉన్న మంటకు అది నిప్పురవ్వ. 1857 మే 10న మీరట్‌లో తిరుగుబాటు లేచింది. జూలై 17న హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీదికి నడిచారు.

ఎన్‌ఫీల్డ్‌ను కాదన్న సిపాయిల చేతుల్లో మిగిలింది పాత నున్న గొట్టం తుపాకులు. వంద గజాలు దాటితే వాటి గురి దైవాధీనం. ఎదుటివాళ్ల చేతిలో ఎన్‌ఫీల్డ్. 1857 జూలై 12న ఫతేపూర్ దగ్గర హావ్‌లాక్ సైన్యం, సిపాయిల గుండ్లు అందని దూరం నుంచే కాల్చింది. ధైర్యం తక్కువై కాదు, అంత దూరానికి జవాబు చెప్పే తుపాకీ లేక వాళ్లు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. రాబిన్స్ 1747లో రాసి పెట్టిన మాట 110 ఏళ్లకు ఈ నేల మీద అలా వసూలైంది.

అదే ఏడాది ఇంగ్లాండులో ఇంకో పరీక్ష జరిగింది. జోసెఫ్ విట్వర్త్ అనే ఇంజినీరు తయారు చేసిన రైఫిల్‌ను ఎన్‌ఫీల్డ్‌తో పోటీ పెట్టారు. ఎన్‌ఫీల్డ్‌లో తూటా 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. విట్వర్త్ సన్నటి పొడుగు తూటా 20 అంగుళాలకే ఒక చుట్టు. 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ తూటాలు సగటున రెండడుగులకు పైగా పక్కకు పడితే, విట్వర్త్‌వి అర అడుగు లోపలే పడ్డాయి. 1400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ ఒక్కటీ తగల్లేదు, విట్వర్త్ తగిలింది. రెండూ రైఫిళ్లే. తేడా అంతా తూటా ఆకారానికి తగిన తిరుగుడులో ఉంది.

రాబిన్స్ ఎవరి మీదా తుపాకీ పేల్చిన మనిషి కాదు. చెక్క దిమ్మె, కాగితపు తెర, వంచిన గొట్టం, ఇవే ఆయన ఆస్తి. ఆయన తేల్చిన సత్యం అచ్చయి అందరి ముందూ ఉంది. దాన్ని సొంత దేశం వందేళ్లు అటకెక్కించింది, ఆర్కాటు, దక్కన్ దర్బారుల్లో ఎవరూ అటువైపు చూడలేదు. చివరికి ముందుగా అటక మీంచి దించుకున్నవాళ్లకే అది పనికొచ్చింది.